4294967295 ఎలాంటి సంఖ్య? కాస్త పొడవైన జవాబు

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్తాను, నేను సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో మీకూ తెలుస్తుంది. ప్రోగ్రామ్‌లో −1 రావాల్సిన చోట మీకు 4294967295 వచ్చింది. దాని గురించి వెతికితే బేసి, సంయుక్త, వర్గరహిత, న్యూన, ఈవిల్, అన్‌హ్యాపీ అంటూ బోలెడు పేర్లు కనబడ్డాయి. వీటిలో నిజంగా ఏదైనా చెప్పేవి ఏవి, ఒక్కో పేరుకీ ఒక్కో లెక్క చేసుకుంటూ పోవాలా, లేక అన్నిటికీ కలిపి ఒకటే దారి ఉందా, ఇదీ మీరు అడిగింది.

దారి ఉంది. ఈ సంఖ్య ఎలా తయారైందో చూస్తే చాలు, ఆ పేర్లలో ముప్పాతిక వంతు కాగితం మీద నాలుగు లైన్లలో తేలిపోతాయి. నేను చాలా ఏళ్లుగా సంఖ్యా సిద్ధాంతం చెప్తున్నాను, ఒకే ఒక్క సంఖ్యను పట్టుకుని మొదటి నెల పాఠం మొత్తం చెప్పమంటే నేను ఎంచుకునేది దీన్నే. అందుకే జవాబు పొడవైంది, ఓపికగా చదవండి.

429 కోట్ల 49 లక్షల 67 వేల 295 అని చదివితే దీనిలో ఏమీ కనబడదు. 2³² − 1 అని రాయండి, మొత్తం బయటపడుతుంది. బైనరీలో, అంటే 0, 1 అనే రెండు అంకెలతోనే రాసే పద్ధతిలో, ఇది వరుసగా 32 ఒకట్లు, అంతే. 32 బిట్లలో పట్టే అతి పెద్ద సంఖ్య. దీనికి 1 కలిపితే ప్రతి స్థానంలోనూ 0 వచ్చి, మిగిలిన 1 ముప్పై మూడో స్థానానికి వెళ్లాలి, అక్కడ చోటు లేదు, కాబట్టి పోతుంది, 32 సున్నాలు మిగులుతాయి. 1 కలిపితే 0 వచ్చే సంఖ్య ఏది? −1. కంప్యూటర్ −1ని సరిగ్గా ఇదే రూపంలో దాచుకుంటుంది. మీ ప్రోగ్రామ్ ఆ 32 బిట్లను (బైనరీ అంకెలను) మైనస్ గుర్తుకు చోటు లేని సంఖ్యగా చదివింది కాబట్టి ఇలా కనబడింది, సంఖ్యలో తప్పేమీ లేదు. ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో ఒక ఫైలు 4294967295 బైట్లకు మించకూడదు, దానికీ ఇదే కారణం. 1970 జనవరి 1 నుంచి సెకన్లను గుర్తు లేని 32 బిట్లలో లెక్కపెట్టే గడియారం 2106 ఫిబ్రవరి 7న ఈ సంఖ్య దగ్గరే నిండిపోతుంది. కంప్యూటర్ వైపు నుంచి ఇంతే, ఇక గణితం వైపు వద్దాం, అసలు సరుకు అక్కడే ఉంది.

మొదటి ప్రశ్న ఎప్పుడూ ప్రధాన సంఖ్యా కాదా అనే. చివర 5 ఉంది కాబట్టి కాదు, ఇది చిన్న పిల్లలు కూడా చెప్తారు. అంకెల మొత్తం 57 కాబట్టి 3తో కూడా పోతుంది. అయితే ఇలా ఒక్కో సంఖ్యతో భాగించుకుంటూ పోవడం ఈ సంఖ్య విషయంలో అనవసరం. స్కూల్లో నేర్చుకున్న వర్గాల భేదం సూత్రం గుర్తుంది కదా, ఒకదాని వర్గం లోంచి 1 తీసేస్తే అది (ఆ సంఖ్య − 1) × (ఆ సంఖ్య + 1). 2³² అనేది 2¹⁶ వర్గం. కాబట్టి 2³² − 1 = (2¹⁶ − 1)(2¹⁶ + 1). మొదటి బ్రాకెట్‌లో మళ్లీ అదే కథ, అది (2⁸ − 1)(2⁸ + 1) అవుతుంది, దాన్ని మళ్లీ విడదీయండి, చివరికి 2 − 1 దాకా. వెళ్లే దారిలో ప్లస్ ఉన్న బ్రాకెట్లన్నీ మిగిలిపోతాయి: 2 + 1, 2² + 1, 2⁴ + 1, 2⁸ + 1, 2¹⁶ + 1. అంటే

4294967295 = 3 × 5 × 17 × 257 × 65537

క్యాలిక్యులేటర్ ముట్టుకోకుండా వచ్చేసింది. ఈ ఐదూ ప్రధాన సంఖ్యలే. మొదటి మూడింటి గురించి అనుమానం లేదు, 257కి 13 వరకు చూస్తే చాలు. 65537 మాత్రం కొంచెం టెన్షన్ పెట్టేలా ఉంటుంది, ఎందుకంటే మామూలుగా 256 లోపు ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూడాలి. ఇక్కడ ఒక చిట్కా ఉంది, ఇది బాగా గుర్తుపెట్టుకోండి, కింద మళ్లీ వాడతాం. ఒక ప్రధాన సంఖ్య 2¹⁶ + 1ని భాగిస్తుందనుకోండి. అప్పుడు దానితో భాగిస్తే 2¹⁶కి శేషం −1, కాబట్టి 2³²కి శేషం 1. శేషం 1 ఇచ్చే అతి చిన్న ఘాతం 32ని భాగించాలి, కానీ 16ని భాగించకూడదు, అంటే అది 32 తప్ప ఇంకోటి కాదు. మరోవైపు ఫెర్మా చిన్న సిద్ధాంతం ప్రకారం, ఆ ప్రధాన సంఖ్యలోంచి 1 తీసేసిన ఘాతం కూడా శేషం 1 ఇస్తుంది. కాబట్టి ఆ ప్రధాన సంఖ్య లోంచి 1 తీసేస్తే వచ్చేది 32తో పోవాలి. 256 లోపు అలాంటివి 33, 65, 97, 129, 161, 193, 225, వీటిలో ప్రధాన సంఖ్యలు 97, 193 రెండే. 97 × 675 = 65475, శేషం 62. 193 × 339 = 65427, శేషం 110. రెండూ పోలేదు, పని అయిపోయింది, 65537 ప్రధాన సంఖ్యే.

ఈ ఐదింటికీ పేరుంది, ఫెర్మా ప్రధాన సంఖ్యలు అంటారు. 2కి ఘాతంగా 1, 2, 4, 8, 16, 32... ఇలా రెట్టింపవుతూ పోయే సంఖ్యలు పెట్టి 1 కలిపితే వచ్చేవి ఫెర్మా సంఖ్యలు. అవన్నీ ప్రధాన సంఖ్యలే అయి ఉంటాయని 1640 ప్రాంతంలో ఫెర్మా నమ్మాడు. మొదటి ఐదూ నిజంగానే అలా ఉన్నాయి. ఆరోది 2³² + 1, అంటే 4294967297. అది మన సంఖ్యకు రెండే రెండు అడుగుల దూరం! 1732లో ఆయిలర్ దాన్ని 641 × 6700417గా విడగొట్టాడు. ఆ తర్వాత ఇవాళ్టి దాకా ఆరో ఫెర్మా ప్రధాన సంఖ్య ఎవరికీ దొరకలేదు. అంటే మీ ప్రోగ్రామ్ చూపించిన సంఖ్య, మనకు తెలిసిన ఫెర్మా ప్రధాన సంఖ్యలన్నిటి లబ్ధం. నాకు ఈ సంఖ్య మీద ఇంత ఇష్టం ఎందుకో ఇప్పటికే మీకు అర్థమై ఉంటుంది.

ఇక మీ లిస్టులోని పేర్లు. ఐదు కారణాంకాలూ వేర్వేరు, ఏదీ రెండుసార్లు రాలేదు, కాబట్టి వర్గరహితం. అందుకే ఇది ఏ సంఖ్యకూ వర్గం కాదు, ఘనం కాదు, ఏ పెద్ద ఘాతమూ కాదు, వాటికి విడివిడిగా చూడక్కర్లేదు. వర్గరహిత సంఖ్యలకు మోబియస్ విలువ అని ఒకటుంటుంది, ప్రధాన కారణాంకాలు సరి సంఖ్యలో ఉంటే +1, బేసి సంఖ్యలో ఉంటే −1. ఇక్కడ ఐదు కాబట్టి −1. అతి పెద్ద ప్రధాన కారణాంకం సంఖ్య వర్గమూలం కన్నా పెద్దదైతే దాన్ని అసాధారణ సంఖ్య అంటారు. మన సంఖ్య వర్గమూలం 65536 కన్నా అతి కొంచెం తక్కువ, అతి పెద్ద కారణాంకం 65537, కాబట్టి ఆ గుంపులోకీ వస్తుంది, అంచు మీద నిలబడి వచ్చినట్టు. పేరు అసాధారణమే కానీ అలాంటి సంఖ్యలు చాలా మామూలు, సగం కన్నా ఎక్కువ సంఖ్యలు అలాంటివే, కాబట్టి ఈ పేరును పెద్దగా పట్టించుకోకండి.

భాజకాల దగ్గర మాత్రం ఆగాలి. ఐదు వేర్వేరు ప్రధాన సంఖ్యలు, ఒక్కోటి తీసుకోవచ్చు, వదిలేయవచ్చు, కాబట్టి మొత్తం భాజకాలు 2⁵ = 32. వాటిని వరుసగా రాయండి: 1, 3, 5, 15, 17, 51, 85, 255, 257, 771... ఇప్పుడు పక్కన పాస్కల్ త్రిభుజం రాయండి, ప్రతి అడ్డవరుసలో బేసి సంఖ్య ఉన్న చోట 1, సరి సంఖ్య ఉన్న చోట 0 పెట్టండి. మొదటి వరుస 1. రెండోది 11. మూడోది 1 2 1 కదా, అది 101 అవుతుంది. నాలుగోది 1 3 3 1, అది 1111. ఐదోది 1 4 6 4 1, అది 10001. ఆరోది 1 5 10 10 5 1, అది 110011. వీటిని బైనరీ సంఖ్యలుగా చదవండి. 1, 3, 5, 15, 17, 51! అవే భాజకాలు, అదే వరుసలో. మొదటి 32 అడ్డవరుసలు సరిగ్గా మన సంఖ్య 32 భాజకాలు, ఒక్కటి ఎక్కువ కాదు, ఒక్కటి తక్కువ కాదు, ముప్పై రెండో వరుసలో అన్నీ బేసి సంఖ్యలే కాబట్టి అది 32 ఒకట్లు, అంటే మన సంఖ్యే.

ఇది యాదృచ్ఛికం కాదు. పాస్కల్ త్రిభుజం వరుసలంటే ఒక ద్విపదికి, అంటే 1 + x లాంటి రెండు పదాల మొత్తానికి, ఘాతాలు వేసినప్పుడు వచ్చే గుణకాలు. బేసి, సరి తేడా మాత్రమే చూస్తే, ద్విపదిని వర్గం చేసినప్పుడు మధ్య పదానికి 2 గుణకంగా వచ్చి మాయమైపోతుంది, రెండు చివరలే మిగులుతాయి. నాలుగో ఘాతం, ఎనిమిదో ఘాతం, పదహారో ఘాతం, అన్నిటిలోనూ అంతే. ఆ రెండు చివరలనీ బైనరీలో చదివితే వచ్చేవి 101, 10001, అంటే 5, 17 ఇలా ఫెర్మా సంఖ్యలే. మిగతా వరుసలు వీటి లబ్ధాలు, గుణించేటప్పుడు ఒకట్లు ఒకదాని మీద ఒకటి పడవు కాబట్టి మిగులు అంకె మోయాల్సిన పని రాదు. కాగితం తీసి 16 వరుసల దాకా స్వయంగా రాసి చూడండి, పావుగంట పడుతుంది, ఇక జీవితంలో మర్చిపోరు.

న్యూన సంఖ్య అన్నారు కదా, అది ఇలా. తనను తాను మినహాయించి మిగతా భాజకాలన్నీ కూడితే సంఖ్య కన్నా తక్కువ వస్తే న్యూనం, సమానమైతే పరిపూర్ణం, ఎక్కువైతే అధికం. భాజకాలన్నిటి మొత్తం కనుక్కోవడానికి ప్రతి ప్రధాన కారణాంకానికీ 1 కలిపి గుణిస్తే చాలు, వర్గరహితం కాబట్టి: 4 × 6 × 18 × 258 × 65538 = 7304603328. ఇందులోంచి సంఖ్యను తీసేస్తే 3009636033. ఇది 4294967295 కన్నా తక్కువ కాబట్టి న్యూనమే. అయితే ఈ పేరు ఈ సంఖ్య గురించి ప్రత్యేకంగా చెప్పేదేమీ లేదు, మామూలు సంఖ్యల్లో ఎక్కువ భాగం న్యూన సంఖ్యలే.

అసలు అందం ఆయిలర్ ఫై విలువలో ఉంది. ఒక సంఖ్య దాకా ఉన్న సంఖ్యల్లో దానితో 1 తప్ప మరే ఉమ్మడి కారణాంకమూ లేనివి ఎన్ని, అదే ఫై. దీనికి ప్రతి ప్రధాన కారణాంకంలోంచీ 1 తీసేసి గుణించాలి: 2 × 4 × 16 × 256 × 65536. అన్నీ 2 ఘాతాలే! ఘాతాలు కూడితే 1 + 2 + 4 + 8 + 16 = 31, కాబట్టి ఫై విలువ 2³¹, అంటే 2147483648. పక్క సంఖ్య 2³² తీసుకుంటే దాని దాకా ఉన్న బేసి సంఖ్యలన్నీ లెక్కలోకి వస్తాయి, వాటి సంఖ్య కూడా 2³¹. పక్కపక్కన ఉన్న రెండు సంఖ్యలు, ఒకటి ఐదు బేసి ప్రధాన సంఖ్యల లబ్ధం, ఇంకోటి ఒట్టి రెండ్లు, రెండింటికీ ఫై ఒకటే. ఇంకోలా చెప్తే మన సంఖ్య ఫై విలువను రెట్టింపు చేస్తే సరిగ్గా సంఖ్య కన్నా 1 ఎక్కువ వస్తుంది. 3, 15, 255, 65535 కూడా అంతే, అవన్నీ ఇదే గొలుసులోని చిన్న లింకులు. ఈ గుణం గొలుసుకే పరిమితం అనుకోవద్దు, 83623935 అనే బయటి సంఖ్యకూ ఉంది, దాని కారణాంకాలు 3, 5, 17, 353, 929. గుణించి చూసుకోండి.

ఫై 2 ఘాతం కావడం, సంఖ్య బేసి కావడం, ఈ రెండూ కలిస్తే ఇంకో సంగతి ఊడిపడుతుంది. సంఖ్యకూ దాని ఫై విలువకూ ఉమ్మడి కారణాంకం లేదు. అలాంటి సంఖ్యలను చక్రీయ సంఖ్యలు అంటారు, ఎందుకంటే సరిగ్గా ఆ సంఖ్యలో మూలకాలుంటే ఒకే ఒక్క రకం గ్రూప్ (ఏ రెండు మూలకాలను కలిపినా అందులోని మూలకమే వచ్చే, కలిపినదాన్ని వెనక్కి తిప్పగలిగే అమరిక) సాధ్యమవుతుంది, అది చక్రీయ గ్రూప్, అంటే ఒకే మూలకాన్ని మళ్లీ మళ్లీ కలుపుతూ పోతే మొత్తం వచ్చేసేది. గ్రూపుల గురించి చదివినవాళ్లకు ఇది ఎంత పెద్ద మాటో తెలుస్తుంది. 4294967295 మూలకాలున్న గ్రూప్ ఎక్కడ కనబడినా అది ఎలా ఉంటుందో చూడకుండానే చెప్పేయొచ్చు. పక్కనే ఉన్న 2³² సంగతి పూర్తిగా వేరు. 2¹⁰, అంటే 1024 మూలకాలకే 4,900 కోట్లకు పైగా వేర్వేరు గ్రూపులున్నాయి, 2³²కి ఎన్నో ఊహించుకోండి. ఒక్క అడుగు తేడాలో ఇంత మార్పు. సంఖ్యల పరిమాణం చూసి వాటి స్వభావం అంచనా వేయకూడదని నేను క్లాసులో ఈ ఉదాహరణతోనే చెప్తాను.

వర్గాల మొత్తంగా రాయగలమా అన్నది ఇంకో పాత ప్రశ్న. బైనరీలో చివరి మూడు అంకెలు 111 కాబట్టి 8తో భాగిస్తే శేషం 7. ఏ వర్గాన్నైనా 8తో భాగిస్తే శేషం 0, 1, 4 మాత్రమే వస్తాయి, వీటిలో మూడింటిని ఎలా కూడినా 7 రాదు. కాబట్టి రెండు వర్గాలు చాలవు, మూడూ చాలవు. నాలుగైతే ప్రతి సంఖ్యకూ సరిపోతాయని 1770లో లగ్రాంజ్ నిరూపించాడు. మన సంఖ్యకు చేత్తో వెతికితే తేలిగ్గానే దొరుకుతుంది: 65535² + 362² + 5² + 1². వర్గాల తేడాగా అయితే మాత్రం 16 రకాలుగా రాయొచ్చు, 32 భాజకాలు 16 జతలవుతాయి కదా, ఒక్కో జతకు ఒక్కో రకం. అన్నిటికన్నా దగ్గరి జత 65535, 65537. అది ఇచ్చేది 65536² − 1², మనం మొదలుపెట్టిన చోటే.

త్రిభుజ సంఖ్యా అని కూడా చూద్దాం, అంటే 1 + 2 + 3 + ... అని కూడుకుంటూ పోతే ఎప్పుడైనా ఈ సంఖ్య తగులుతుందా. 8తో గుణించి 1 కలిపితే వర్గం రావాలి, అదీ పరీక్ష. ఇక్కడ 8 × (2³² − 1) + 1 = 2³⁵ − 7. ఈ రూపం చూడగానే రామానుజన్ గుర్తొస్తారు. 2 ఘాతం లోంచి 7 తీసేస్తే వర్గం వచ్చేది ఘాతం 3, 4, 5, 7, 15 అయినప్పుడు మాత్రమేనా అని ఆయన 1913లో ప్రశ్న వేశారు, అవును అంతేనని 1948లో నాగెల్ నిరూపించాడు. ఆ లిస్టులో 35 లేదు, కాబట్టి త్రిభుజ సంఖ్య కాదు. వర్గమూలం తీసి కూడా చూడొచ్చు, 185363కీ 185364కీ మధ్య పడుతుంది. కానీ రామానుజన్ దారిలో వెళ్తే ఇదొక్కటే కాదు, ఒట్టి ఒకట్లతో బైనరీలో రాసే సంఖ్యల్లో 1, 3, 15, 4095 తప్ప ఇంకేవీ త్రిభుజ సంఖ్యలు కావని ఒకేసారి తెలుస్తుంది. ఒక సంఖ్య కోసం వెళ్తే మొత్తం కుటుంబం గురించి తెలియడం అంటే ఇదే.

ఇప్పుడు మీ లిస్టులో నేను పక్కన పెట్టమనే పేర్లు. అన్‌హ్యాపీ అంటే అంకెల వర్గాలు కూడుకుంటూ పోతే 1 రాకపోవడం: ఇక్కడ 393, 99, 162, 41, 17, 50, 25, 29, 85, 89 అని వెళ్లి సుడిలో పడిపోతుంది. హర్షద్ సంఖ్య అంటే అంకెల మొత్తంతో నిశ్శేషంగా పోయేది. మొత్తం 57, అంటే 3 × 19, మన సంఖ్యలో 19 లేదు, కాబట్టి కాదు. హర్షద్ అనే పేరు పెట్టింది కాప్రేకర్, నాకు ఆయన మీద చాలా గౌరవం. కానీ ఇవి సంఖ్య గుణాలు కావు, సంఖ్యను పదులలో రాసినప్పటి రాత గుణాలు. పదికి బదులు ఏడులలో రాస్తే అంకెలు మారిపోతాయి, ఈ పేర్లు మారిపోవచ్చు. 3 × 5 × 17 × 257 × 65537 మాత్రం ఎలా రాసినా మారదు. ఒక పేరు కనబడినప్పుడు ముందు అడగాల్సింది ఇదే: రాసే పద్ధతి మారిస్తే ఇది నిలుస్తుందా?

ఈవిల్ అన్నది కూడా రాత గుణమే, బైనరీలో ఒకట్లు సరి సంఖ్యలో ఉంటే ఆ పేరు, ఇక్కడ 32 ఉన్నాయి. అయితే ఈ సంఖ్యకు బైనరీతో ఉన్న బంధం పదులతో లేదు, పైన పాస్కల్ త్రిభుజంలో చూశారు కదా, అందుకే ఇక్కడ బైనరీ రాతను నేను తేలిగ్గా తీసిపారేయను.

పదులలో రాసినా లోతైన విషయం ఒకటి దొరుకుతుంది. 1ని 4294967295తో భాగించి దశాంశాలు రాస్తూ పోండి. 5 ఉంది కాబట్టి మొదటి ఒక్క అంకె తిరిగి రాదు. ఆ తర్వాత నుంచి అంకెలు ఒక చక్రంలో తిరుగుతాయి, ఆ చక్రం పొడవు సరిగ్గా 65536 అంకెలు. 3కి చక్రం 1, 17కి 16, 257కి 256, 65537కి 65536, వీటి క.సా.గు. 65536. ప్రతి దాంట్లోనూ సాధ్యమైనంత పొడవైన చక్రమే రావడం (3 మినహా) 10కీ ఆ ప్రధాన సంఖ్యలకూ మధ్య ఉన్న సంబంధం వల్ల. బైనరీలో అయితే అదే భిన్నానికి చక్రం 32 అంకెలే, 31 సున్నాలు, ఒక ఒకటి.

ప్రధానత పరీక్షలు రాసే ప్రోగ్రామర్లు ఈ సంఖ్యనూ దీని పొరుగు 4294967297నూ తప్పకుండా టెస్ట్ కేసులుగా పెట్టుకోవాలి. ఫెర్మా పరీక్షలో 2ని సంఖ్య కన్నా ఒకటి తక్కువ ఘాతానికి పెంచి, శేషం 1 రాకపోతే సంయుక్తం అంటాం. మన సంఖ్యతో భాగిస్తే 2³²కి శేషం 1, కాబట్టి ఘాతాన్ని 32తో భాగించి మిగిలింది మాత్రం చూస్తే చాలు. 4294967294ని 32తో భాగిస్తే 30 మిగులుతుంది, శేషం 2³⁰, అంటే 1073741824. 1 కాదు, దొరికిపోయింది. 4294967297తో మాత్రం 2⁶⁴కి శేషం 1, ఘాతం 2³², అది 64తో నిశ్శేషంగా పోతుంది, శేషం 1 వచ్చేస్తుంది! సంయుక్త సంఖ్య అయి ఉండి పరీక్ష పాసైపోయింది. 2కి బదులు 3 వాడితే అక్కడ దొరుకుతుంది. 2 లాంటి ఒకే ఒక్క ఆధార సంఖ్యతో పరీక్ష ఆపేసే కోడ్ చూసినప్పుడల్లా నేను 4294967297ను ఇచ్చి నడిపించమంటాను.

జ్యామితి సంగతి చెప్పకపోతే ఈ జవాబు సగమే. స్కేలు, వృత్తలేఖిని మాత్రమే వాడి ఏయే క్రమ బహుభుజులు గీయొచ్చన్నది గ్రీకుల కాలం నాటి ప్రశ్న. 1796లో, 19 ఏళ్లు నిండకముందే, 17 భుజాలది గీయొచ్చని గౌస్ కనుక్కున్నాడు. భుజాల సంఖ్య బేసి అయితే అది వేర్వేరు ఫెర్మా ప్రధాన సంఖ్యల లబ్ధం కావాలి, అదీ షరతు. ఇంకెలాంటి సంఖ్యకూ కుదరదని 1837లో వాంట్‌జెల్ నిరూపించాడు. తెలిసిన ఫెర్మా ప్రధాన సంఖ్యలు ఐదే కాబట్టి బేసి భుజాలతో గీయగలమని మనకు తెలిసిన బహుభుజులు 31, అంటే మన సంఖ్య భాజకాల్లో 1 తీసేస్తే మిగిలినవి. వాటిలో అన్నిటికన్నా పెద్దది 4294967295 భుజాలది. భూమధ్యరేఖ అంత పెద్ద వృత్తంలో దాన్ని గీస్తే ఒక్కో భుజం సుమారు 9.3 మిల్లీమీటర్లు ఉంటుంది. 65537 భుజాల బహుభుజి నిర్మాణం కోసమే హెర్మెస్ అనే ఆయన పదేళ్లు శ్రమపడ్డాడు, 1894లో పూర్తి చేశాడు, ఆ రాతప్రతి గోటింగెన్‌లో ఉంది.

చివరిగా, ఈ గొలుసును 64 బిట్లకు పెంచితే ఇదంతా అలాగే కొనసాగుతుందా అని మీకు సందేహం రావాలి. 2⁶⁴ − 1 అంటే మన సంఖ్య × 4294967297. కానీ ఆ రెండోది ప్రధాన సంఖ్య కాదు, అది 641 × 6700417. 641ని ఆయిలర్ ఎలా పట్టాడంటే పైన చెప్పిన చిట్కాయే, ఈసారి 32కి బదులు 64: ఆ రూపంలో ఉన్న ప్రధాన సంఖ్యలు 193, 257, 449, 577, 641, ఐదోదే తగిలింది. చేత్తో నిరూపించడం కూడా తేలిక. 641 = 5 × 2⁷ + 1, ఇంకా 641 = 5⁴ + 2⁴. మొదటి దాన్నిబట్టి 641తో భాగిస్తే 5 × 2⁷కి శేషం −1, నాలుగో ఘాతానికి పెంచితే 5⁴ × 2²⁸కి శేషం 1. రెండో దాన్నిబట్టి 5⁴ స్థానంలో −2⁴ పెట్టండి, −2³²కి శేషం 1, అంటే 2³² + 1 నిశ్శేషంగా పోతుంది.

దాంతో చాలా విషయాలు ఒకేసారి తెగిపోతాయి. 2⁶⁴ − 1 ఫై విలువ ఇక 2 ఘాతం కాదు, 641 భుజాల బహుభుజి గీయడం కుదరదు. భాజకాలు 64 కాదు, ఏడు ప్రధాన కారణాంకాలు కాబట్టి 128. పాస్కల్ త్రిభుజం మొదటి 64 వరుసలు ఇప్పటికీ 2⁶⁴ − 1ని భాగిస్తాయి, కానీ మిగతా 64 భాజకాలకు అక్కడ చోటు లేదు. 641ని బైనరీలో రాసి చూడండి: 1010000001. పాస్కల్ త్రిభుజంలో ప్రతి వరుసా ఎటు నుంచి చదివినా ఒకేలా ఉంటుంది, ఇది ఉండదు.